పడుగు పక్కన తిప్పిన బ్యాటు

మొన్న కళ్ల పరీక్షకని తిరుపతి వెళ్లాను. బస్సు కోసం నిలబడ్డచోట, గోడ అవతల బడి మైదానంలో ఆడపిల్లలు గుండ్రటి బ్యాటుతో బంతులు బాదుతున్నారు. కొట్టాక కూడా ఆగకుండా బ్యాటు భుజం దాటి వీపు మీదికి తిరుగుతోంది. అది చూస్తూ ఉండిపోయాను. నా బస్సు వెళ్లిపోయింది.

మా చెల్లెలు పోయాక దాని కూతురు నగరిలో నా దగ్గరే పెరిగింది. బడిలో డ్రిల్లు సారు బేస్‌బాల్ నేర్పేవాడు. నాలుగో తరగతి దాటని నాకు ఆయన పాఠమంతా ఇప్పటికీ నోటికొచ్చు. పాప రోజూ వచ్చి, మగ్గం నేస్తున్న నాకు అప్పజెప్పేది మరి: ముందు నడుము తిరగాల, దాని వెనకే చేతులు రావాల, బంతి తగిలిందని బ్యాటు ఆపగూడదు. రాష్ట్ర జట్టుకు ఆడితే కాలేజీలో సీటిస్తారని సారు ఆశపెట్టాడు. ఈ పిల్లయినా మగ్గం ఎక్కకుండా ఉంటే చాలని నేనూ ఆ ఆశే పెట్టుకున్నాను.

ఇంటి దగ్గర సాధన చేద్దామంటే వీధి ఇరుకు. అందుకని పాత మేజోడులో నూలు పీచు కూరి, ఇంట్లో దూలానికి బంతిలా వేలాడగట్టాను. చిక్కల్లా ఎడమ పక్క నా మగ్గానికి నిలువునా సాగదీసిన నూలు పోగులు, పడుగు. బ్యాటు తగిలితే పోగులు తెగుతాయి, అతుక్కుంటూ కూర్చుంటే పూట గడిచిపోతుంది. బ్యాటు లేచినప్పుడల్లా అరిచేదాన్ని.

"మే, పడుగు! తెగిందంటే నీ జడ కోసి అతికిస్తా, సూడు!"

"నా జడ యాడ సాలుతుంది పెద్దమ్మా!" అని నవ్వేది. నవ్వుతూనే బ్యాటు ఆపేది. రెండేళ్లలో ఒక్క పోగు తెగలేదు. అదేదో నా పెంపకం గొప్ప అన్నట్టు ఇరుగుపొరుగుకు చెప్పుకున్నాను.

రాష్ట్ర జట్టు ఎంపిక రోజు తిరుపతికి నేనూ వెళ్లి, మైదానం చుట్టూ గీసిన సున్నపు గీత పక్కన నిలబడ్డాను. వేసిన బంతినల్లా పాప సరిగ్గానే తగిలించింది. తగిలిన మరుక్షణం బ్యాటు ఆగిపోయేది. బంతి నాలుగడుగుల్లో పడేది. సారు పరుగెత్తుకొచ్చాడు.

"ఏమ్మా, ఈడ ఎంత చోటుండాది! ఎందుకాపుతా ఉండావు?"

"పడుగు తెగుతాది సార్."

పిల్లలంతా ఘొల్లున నవ్వారు. పాప నవ్వలేదు. ఎడమ పక్కకు చూసింది. అక్కడ నేనున్నాను.

జాబితాలో పేరు రాలేదు. మరుసటి ఏటికి వయసు దాటింది. "ఏడవొద్దులే పెద్దమ్మా" అని తిరుగు బస్సులో నాకే ధైర్యం చెప్పింది. ఇప్పుడు నా పక్క మగ్గం మీద నేస్తోంది, మాట తక్కువ.

కాలం ఆ పిల్లకు చేయదలచిన కీడంతా రోజుకింత చొప్పున నా నోటితోనే చేయించింది. ఒక్కరోజు కూడా నాకు తెలియనివ్వలేదు.