తొండ వీపు మీద తెల్లచుక్క

మా మేడమ్ పోయారన్న కబురు వచ్చేసరికి నేను ఆమె వాక్యంలోనే ఉన్నాను. ఆమె చివరి వ్యాసాన్ని తిరగరాస్తూ మూడో పేజీలో ఒక కామా దగ్గర ఆగినప్పుడు ఫోను మోగింది. కృష్ణగిరి ఆసుపత్రి నుంచి ఆమె తమ్ముడు. "అక్క పోయిందమ్మా. తెల్లారి ఆరింటికి," అన్నాడు. సరే అన్నాను. ఫోను పెట్టేసి ఆ వాక్యం పూర్తి చేశాను. ఎందుకు చేశానో ఇప్పటికీ చెప్పలేను.

ఆమెను మీలో చాలామంది చదివే ఉంటారు. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవారు, జీవులు తరతరాలుగా ఎలా మారతాయో పరిశోధించేవారు, నెలనెలా మన పత్రికలో ఆ సంగతులే కథల్లా రాసేవారు. మీకు తెలియనిదొకటుంది. తమిళనాడులోని వేప్పనపల్లి దగ్గర తెలుగింట్లో పుట్టినా ఆమె చదువంతా తమిళంలో సాగింది. అందుకని తెలుగు వ్యాసాలను తమిళ అక్షరాల్లో రాసేవారు. నేను కుప్పం వైపు నుంచి ఆ ఊరికి కోడలిగా వచ్చినదాన్ని. తెలుగు బడిలో చదివాను, తమిళ అక్షరాలు బస్సుల బోర్డులు చూసి నేర్చుకున్నాను. తొంభైల మొదట్లో ఆమె నా చేతికి కాగితాల కట్ట ఇచ్చి, "నా మాటలకు నీ అక్షరాలు తొడుగమ్మా," అన్నారు. పదిహేనేళ్ళు తొడిగాను.

ఊరి వెనక నల్లబండ ఉంది. దాని కింద ఎర్రనేలలో మామిడితోటలు. బండ మీది తొండలు నలుపు, తోటలోవి మట్టిరంగు. ఆమె జీవితమంతా ఆ రెండింటి మధ్య అటూ ఇటూ తిరిగారు. వెదురుకర్ర చివర దారపు ఉచ్చు కట్టి తొండను పట్టేవారు, కొలిచి, వీపు మీద తెల్లటి గోళ్ళరంగుతో చుక్క పెట్టి వదిలేసేవారు, మళ్ళీ కనిపిస్తే గుర్తుపట్టడానికి. తన గోళ్ళకు మాత్రం ఒక్కనాడూ పెట్టుకోలేదు. ఫాన్సీ షాపు అమ్మాయి ఎవరికి మేడమ్ ఇన్ని సీసాలు అని అడిగితే, "మా ఇంట్లో ఆడపిల్లలు జాస్తి," అన్నారట.

వ్యాసం పత్రికకు పంపే ముందు తోట షెడ్డులో మామిడికాయలు ఏరే ఆడవాళ్ళ మధ్య కూర్చుని చదివి వినిపించేవారు. వాళ్ళ చేతులు ఆగితే ఆ పేరా ఉంటుంది. చేతులు ఆగకపోతే కొట్టేయాల్సిందే. పని ఆగిపోతుందని తోట యజమానికి ఆమె వస్తే భయం. ఒకసారి ఒకామె అడ్డం తగిలింది.

"బండకు తగ్గట్టు రంగు మార్చుకోను తొండకు అంత తెలివి యాడిది మేడమ్?"

"తెలివి దానిది కాదమ్మా. ఎండలో కనబడినదాన్ని గద్ద తన్నుకపోయింది. కనబడనిది గుడ్లు పెట్టింది. అంతే కథ."

ఆ మధ్యాహ్నం షెడ్డులో అన్ని చేతులూ ఆగాయి. మామిడి వాసన, రేకుల మీద ఎండ, ఆమె గొంతు. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ షెడ్డులోకే పోతాను.

ఇక అసలు సంగతి. షెడ్డులో చదివిన ఆ వ్యాసం తిరగరాస్తుంటే చివర రెండు లైన్లు ఖాళీ మిగిలాయి. ముగింపు చప్పగా ఉందనిపించింది. నా తెలివితేటలు ఊరుకోవుగా. "తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు, పరిణామమంటే ఇదే," అని చేర్చి పంపేశాను. అచ్చయింది. ఇంత చదివిన ఆవిడ ఈ మాట ఎలా రాసిందని పత్రికకు ఉత్తరాలు వచ్చాయి. కాలేజీలో ఆమెకు ఊసరవెల్లి మేడమ్ అని పేరు పడింది.

నేను ఏడుస్తూ వెళ్ళాను. ఆమె పత్రిక చదివి పక్కన పెట్టారు. "వాక్యం బాగుండాదమ్మా. తప్పు, అంతే. తొండ ముదిరితే ముసలి తొండ అవుతుంది. మారేది అది కాదు, దాని పిల్లల పిల్లలు." తర్వాత తమిళ అక్షరాల్లో నాలుగు లైన్లు రాసి ఇచ్చారు, సవరణ. అందులో ఆఖరి మాట: ఆ తప్పు నాది.

దాన్ని నా చేత్తోనే తెలుగులోకి రాశాను. ఆ తప్పు నాది. చదివినవాళ్ళు ఆమె మాట అనుకున్నారు.

నా పేరు చెప్పమని అడిగాను. "చెప్తే మళ్ళీ నువ్వు పెన్ను పడతావా?" అన్నారు. నిజమే, పట్టేదాన్ని కాదు. ఈ రోజు నా పేరుతో నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆమె ఆనాడు మోసిన మాటే కారణం. చాలా ఏళ్ళ తర్వాత హోసూరులో ఆమెకు సన్మానం చేశారు. పరిచయం చేసిన పెద్దమనిషి ఊసరవెల్లి సంగతి ఎత్తి సభను నవ్వించాడు. ఆమె కూడా నవ్వారు. రెండో వరుసలో కూర్చున్న నేను లేచి నిలబడలేదు. ఆ కుర్చీని నేను మరిచిపోలేదు.

ఆసుపత్రిలో చివరిసారి చూసినప్పుడు బాగా చిక్కిపోయారు. "ముదిరినానమ్మా," అన్నారు. "ఊసరవెల్లిని మాత్రం కాలేకపోయినాను." నవ్వబోయి నేను ఏడ్చాను. చెప్పాల్సిన మాట అప్పుడూ చెప్పలేదు.

అందుకే ఇప్పుడు మీకు చెబుతున్నాను. ఆ వాక్యం ఆమెది కాదు, నాది. ఆమె పేరు మీద నేను పెట్టిన మచ్చ అది. దయచేసి తుడిచేయండి.

దినం అయిన మర్నాడు నల్లబండ ఎక్కాను. ఈ మాటే అక్కడ పైకి అన్నాను, వినడానికి ఎవరూ లేకపోయినా. కాసేపటికి ఒక తొండ పగులులోంచి వచ్చి ఎండలో ఆగింది. వీపు మీద తెల్లచుక్క. ఆసుపత్రికి పోయే ముందు వారం ఆమె పెట్టినదే అయివుంటుంది. అంచులు లేచి ఉన్నాయి. పొర విడిచినప్పుడు చుక్క కూడా ఊడిపోతుందని ఆమే చెప్పారు. కదిలితే పారిపోతుందని, ఎండ కాళ్ళు కాలుస్తున్నా అలాగే నిలబడి ఆ చుక్కను చూస్తూ ఉండిపోయాను.