మొక్కిన పుంజుకు చేపనూనె

కోళ్లకొచ్చే కొక్కెర రోగాన్ని మా ఊరి పొలిమేరలోనే నిలబెట్టినవాణ్ని నేను. నల్లగొండ జిల్లాలో ఆ మాట ఇంకెవరు చెప్పుకున్నా నమ్మకండి.

అప్పుడు నందికొండ దగ్గర కృష్ణకు అడ్డంగా కట్ట లేస్తోంది. నాకు అక్కడ రాళ్ల లారీల మీద పని. మా పిల్లవాడికి అమ్మవారు పోసినప్పుడు, వాడు లేస్తే పుంజును ఇస్తానని మా ఇంటామె పోచమ్మకు మొక్కింది. వాడు లేచాడు. పుంజు కాలికి పసుపుగుడ్డ కట్టి, బోనాల కోసం చూస్తున్నాం. మొక్కిన పుంజు మధ్యలో చస్తే బదులు కోడి చెల్లదు. అమ్మ మళ్లీ పిల్లవాడి మీదికే వస్తుందని ఆమె భయం.

ఎండలు ముదిరాక వాడలో రోగం దిగింది. పక్కింటి కోళ్లు మెడలు వంకర తిరిగి, ఆకుపచ్చగా పారుకొని రాలిపోతున్నాయి.

కట్ట పనివాళ్ల క్యాంపులో తెల్లకోళ్లు సాకే పశువుల డాక్టరును అడిగాను. మేతలో మంచి కొవ్వు పడితే కోడికి రోగాన్ని తట్టుకునే బలం వస్తుందని, చేపనూనె ఇంకా మేలని అన్నాడు. చేపలోళ్ల దగ్గర సీసా నింపించుకొని బస్సెక్కాను. ఇంటికొచ్చి ఆ సీసాను చూరుకు, ఎండలోనే వేలాడదీశాను. నూనెకు ఎండ ఏం చేస్తుంది?

జొన్నపిండిలో కలిపి పెడితే పుంజు ఆబగా తిన్నది. తిన్న కొన్నాళ్లకే రెక్కలు జారవేసింది. మా ఇంటామె దాన్ని ఒళ్లో పెట్టుకొని, మెడ తిరుగుతుందేమోనని చూస్తూ కూర్చునేది. ఓసారి పుంజు మెడ తడిమేది, ఓసారి పిల్లవాడి నుదురు.

నేను నూనె ఇంకాస్త ఎక్కువ కలిపి, భయంభయంగానే పనికి పోయాను. మళ్లీ సెలవుకు వచ్చేసరికి పుంజు దడి మీద నిలబడి కూస్తోంది. మొక్కు తీరింది.

పొలిమేర అన్నది కొంచెం సాగదీశాను. ఊరు కాదు, మా వాకిలి. వాకిలి కూడా కాదు, మా పెట్టలు సగం పోయాయి. ఒక్క పుంజు. అయినా ఆ ఒక్కదాన్ని బతికించింది నా నూనేనని, ఇంతవరకు రాసింది మా ఇంటామెకు చదివి వినిపించాను. ఆమె చాటలో బియ్యం చెరుగుతూ తల కూడా ఎత్తలేదు.

"నీ నూనె ఎండకు ముక్కి కంపు లేసింది. గది తినబట్టే పుంజు డీలపడ్డది. నువ్వటు పోంగనే పెంటల పారబోసి, గానుగోళ్లింటికెల్లి తాజా నువ్వులపిండి తెచ్చి పెట్టిన. నీ నూనె బతికించిందని గాదు, సంపవట్టిందని రాయి."