సాలులో నడక

వెల్క్రో పట్టీ చర్రున విడిపోయే చప్పుడు వింటే ఇప్పటికీ నా చేయి ఒక్క క్షణం ఆగుతుంది. ఈ ఉదయం నాగర్‌కర్నూల్ క్లినిక్‌లోనూ ఆగింది. ఎదురుగా కుర్చీలో ఒక పెద్దాయన, నా చేతిలో అగ్గిపెట్టెంత సెన్సారు, చెవిలో ఎప్పటిదో రుక్మిణి మేడం గొంతు. వనపర్తిలో రెండు గదుల పునరావాస కేంద్రం నడిపిన ఫిజియోథెరపిస్టు ఆమె. సొంతూరు మల్దకల్. మెత్తని మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు.

చాలా ఏళ్ల కిందటి మాట, అప్పటికి అందరి చేతుల్లో ఉన్నవి బటన్ల సెల్‌ఫోన్లే. ఎంటెక్ ప్రాజెక్టు కోసం ఆమె దగ్గర చేరాను. చీలమండ పైన కట్టిన సెన్సారు అడుగు కదలికను పట్టుకుంటే, అది మంచి నడకో, లోపమున్న నడకో నా కంప్యూటరు చెప్పేది. అది నేర్చుకున్నదంతా మా కాలేజీ వరండాలో బూట్లతో తిరిగిన నా స్నేహితుల అడుగుల నుంచే. కాకి పిల్ల కాకికి ముద్దు కదా, నాకు దాని మీద ఎక్కడలేని నమ్మకం.

తిమ్మాజిపేట బాలమ్మ ట్రాక్టరు మీంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. భర్త లేడు. మేడం ఆమెను తిట్టి, ఏడిపించి, ఎనిమిది నెలలు నడిపించారు. సరిగ్గా నడవలేకపోతే ఆ వానకాలం ఆమె చెలకను, ఆ కాస్త మెట్ట పొలాన్ని, కౌలుకిచ్చేస్తానని మరిది పట్టుపట్టాడు. ఒకసారి చేయి దాటిన భూమి మళ్లీ తనకు రాదని బాలమ్మ భయం. ఆమె నడక గురించి మా కేంద్రం రాసిచ్చే కాగితం ఏం చెబితే అదేనని ఇద్దరూ ఒప్పుకున్నారు. కంప్యూటరు లోపమని తేల్చింది. నేను అదే రాసి సంతకం పెట్టబోయాను. మిషన్‌కు అబద్ధమాడే పనేముందని మరిది అన్నాడు. బాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

మేడం నా చేతిలోంచి పెన్ను లాక్కున్నారు.

"గీ బండల మీద గాదు. రేపు చెల్కల చూద్దాం. ముందుగాల నీ కాలుకే కట్టుకో."

మర్నాడు బాలమ్మ చెలక పక్కనే పల్లీ విత్తుతున్నారు. నాగలి వెనకాల ఆడవాళ్లు సాలులో గింజలు వేస్తూ, మోకాలెత్తి, పాదం ముందు పాదం పెట్టి నడుస్తున్నారు. నేను బూట్లు విప్పి, పట్టీ కట్టుకుని దిగాను. పది అడుగులకే తూలాను. నా నడకా లోపమేనంది కంప్యూటరు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేలను తిట్టాను. మేడం విత్తుతున్న నలుగురికీ వరసగా పట్టీ కట్టించారు. నలుగురి నడకా లోపమే.

"ఇగ మా ఆడోళ్లంత కుంటోళ్లేనా?" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

చివరికి బాలమ్మ ఒడినిండా గింజలు పోసుకుని దిగింది. సాలు కొసదాకా వెళ్లి తిరిగొచ్చింది. ఒక్క గింజా పక్కన పడలేదు. అయినా కుంటుతూనే ఉంది కదా అని మరిది గొణిగాడు. మేడం వెళ్లి అతని ఎదురుగా నిలబడ్డారు.

"కుంటుతది. కుంటుకుంటనే విత్తుతది. అయితే ఏంది?"

నేను కాగితం తిరగరాశాను. ఆ వానకాలం ఆ చెలకలో బాలమ్మే విత్తింది. చెలకలో నమోదైన అడుగులన్నీ పనికిరానివి, తీసెయ్యమని కాలేజీలో మా గైడు అన్నారు. నేను తీయలేదు. మంచి నడకల్లో చేర్చి, కంప్యూటరుకు మళ్లీ మొదటినుంచి నేర్పాను. మార్కులు తగ్గాయి. తగ్గనీ.

మేడం ఇప్పుడు లేరు. ఈ ఉదయం పెద్దాయన కాలు చాపి, కట్టమన్నాడు. పట్టీ ముందు నా కాలికి కట్టుకున్నాను. మీరు ఎక్కడ నడవాలి అని అడిగాను.

"అమ్రాబాద్ గుట్టలెక్కాలె బిడ్డా. తేనెకు పోవాలె."

"అయితే గుట్టకే పోదాం," అని బూట్లు విప్పాను.