రెండు కళ్లూ కారితే

విమానాశ్రయంలో ముక్కు పరీక్షలు చేసే గది నర్సును అందరూ పుల్లమ్మ అనేవారు. మహమ్మారి రోజుల్లో ఆమె చేతిలోని పుల్ల ముక్కులోకి వెళ్లందే ఎంతటివాడైనా పరదేశానికి విమానం ఎక్కేవాడు కాదు. కోట్లకు పడగెత్తినవాడు కూడా ఆమె ముందు మెడ వెనక్కి వాల్చి, "నెమ్మదమ్మా!" అని బతిమాలుకున్నవాడే.

నిబంధనలు మాత్రం పూటకో తీరు. నిన్న చెల్లిన కాగితం ఇవాళ చెల్లదు. గుడ్డ మాస్కు చాలన్న దేశమే తెల్లారేసరికి అది పనికిరాదంటుంది. పైనెవరో ఓ మాట అనేసి చల్లగా కూర్చుంటారు. తిట్లు తినేది పుల్లమ్మ, ఆమె పక్కన పనిచేసే వదిన. వదినంటే చుట్టరికం కాదు, పని కలిపిన వరస.

పుల్లమ్మకు ఓ అలవాటుండేది. పుల్ల ఏ వైపు పెడితే ఆ వైపు కన్ను చెమర్చడం మామూలే. రెండు కళ్లూ ధారగా కారాయంటే అది పుల్ల పని కాదు. "ఎవరికి బాగోలేదు?" అని మెల్లగా అడిగేది. జవాబు విని, వాళ్ల పుల్ల వేసిన గొట్టాన్ని ల్యాబుకు వెళ్లే పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టేది. పైనున్నదాన్ని ముందు తీస్తారు. పుల్ల లోపలికి పెట్టకుండా పైపైన తుడిచి పంపమని కాళ్లావేళ్లా పడ్డవాళ్లూ ఉన్నారు. ఆ పని మాత్రం ఆమె ఎన్నడూ చేయలేదు.

అటువంటి పుల్లమ్మకు పరదేశం నుంచి కబురొచ్చింది. తల్లి పోయాక తనను ఒళ్లో వేసుకుని పెంచిన పెద్దక్క అక్కడ ఆసుపత్రిలో ఉంది. గుండె ఇక ఎన్నాళ్లో ఆడదన్నారు.

"ఎప్పుడొస్తావే? నిన్నోసారి చూడాలనుందే," అంది పెద్దక్క ఫోనులో.

పుల్లమ్మకు జబ్బు వచ్చి తగ్గి అప్పటికి కొన్ని వారాలే. జబ్బు పోయినా దాని నలుసు పరీక్షలో పట్టుబడుతుందని ఆమెకు తెలుసు. విమానం వాళ్లకు మాత్రం 'లేదు' అన్న కాగితమే కావాలి. రోజూ జనాన్ని కూర్చోబెట్టే కుర్చీలో తనే కూర్చుంది.

వదిన పుల్ల పట్టుకుని గొంతు తగ్గించింది. "నీకు జబ్బేం లేదని నాకు తెలుసు. పైపైన తుడిచేస్తా, ఎవరికీ తెలీదు."

పుల్లమ్మ తల అడ్డంగా ఊపింది. ఆశ లేక కాదు.

"వద్దు వదినా. అందరికీ లోపలిదాకా పెట్టి, నా దగ్గరికొచ్చేసరికి పైపైనా? వాళ్ల మొహాలు నన్ను నిద్రపోనివ్వవు. పెట్టు."

పెట్టింది. రెండు కళ్లూ కారాయి. వదిన ఏమీ అడగకుండా ఆ గొట్టాన్ని పెట్టెలో పైన పెట్టింది. దానివల్ల ఒరిగిందల్లా 'ఉంది' అన్న కబురు అందరికన్నా ముందు రావడమే. కొన్నాళ్లాగి మళ్లీ చేయించుకుంది, మళ్లీ ఉందన్నారు. ఇంకోసారి చేయించుకునేలోగా పెద్దక్క పోయింది.

ఆ తర్వాత ఓ ఉదయం పరీక్షే అక్కర్లేదన్నారు. ఇంకొన్నాళ్లకు మాస్కూ వద్దన్నారు. ఆ మాటేదో పెద్దక్క బతికుండగా అంటే వాళ్ల సొమ్మేం పోయింది?

గది ఎత్తేశాక, పెద్దక్క సమాధి చూడటానికి పుల్లమ్మ బయల్దేరింది. ఎవరూ అడగకపోయినా పరీక్ష చేయించుకుంది. ఈసారి 'లేదు' అనే వచ్చింది. కౌంటరు దగ్గర ఆ కాగితం అందించింది.

"ఇవేం అక్కర్లేదమ్మా ఇప్పుడు. మాస్కు కూడా తీసేయొచ్చు, వెళ్లండి," అంది అక్కడి అమ్మాయి.

"అంతేనా?"

"అంతేనమ్మా."

పుల్లమ్మ కదల్లేదు. మాస్కు పైన రెండు కళ్లూ ధారగా కారుతున్నాయి. అమ్మాయి కంగారుపడింది. "ఏమైందమ్మా? అక్కడెవరికైనా బాగోలేదా?"

"బాగోలేనప్పుడు వెళ్లనివ్వలేదు తల్లీ," అంది పుల్లమ్మ, కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుంటూ.