స్టెప్నీ గుంటలో గుండిగ

మా చెల్లెలు భార్గవికి పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి కొడుకు పుట్టాడు. ఏడాది నిండేలోగా మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుళ్ళో వాడి పుట్టువెంట్రుకలు తీయిస్తానని అది మొక్కుకుంది. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకుని మొదటి కత్తెర వెయ్యాలి, ఆ తర్వాతే మిగతా తంతు. భార్గవికి తోబుట్టువుని నేనొక్కణ్ణే. శ్రావణమాసంలో ఒక బుధవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకి ముహూర్తం పెట్టారు. ఆ రోజుకి అదొక్కటే మంచిదట. ఆ రోజు దాటితే మూఢం వచ్చేస్తుంది, మూఢం వెళ్ళేసరికి పిల్లాడికి ఏడాది నిండిపోతుంది.

విజయవాడ నుంచి మోపిదేవికి రెండు గంటల ప్రయాణం. అదేమన్నా కాశీయాత్రా అనుకున్నాను. అలా అనుకునే, మా అమ్మ పుట్టింటివాళ్ళు ఇచ్చిన ఇత్తడి గుండిగలోనే గుడి దగ్గర పొంగలి వండాలని చెల్లెలు కోరితే, ఓస్ అంతేనా, కార్లో పడేసి తెస్తానన్నాను.

పొద్దున ఆరింటికి భవానీపురంలో మా అపార్ట్‌మెంటు సెల్లారులో నేనూ మా ఆవిడ పద్మా ఆ గుండిగతో కుస్తీ మొదలుపెట్టాం. వెనక సీట్లో పెడితే మా మామగారికి చోటుండదు. డిక్కీలో పెడితే తలుపు పడదు. బోర్లించి చూశాం, పడుకోబెట్టి చూశాం. చివరికి నాకో మెరుపులాంటి ఆలోచన వచ్చింది. డిక్కీలో మ్యాటు ఎత్తి, కింద అట్ట తీసి, అందులో ఉన్న స్టెప్నీ టైరు బయటికి లాగాను. ఆ గుంటలో గుండిగ కొలతలు తీసి చేయించినట్టు కూర్చుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను. స్టెప్నీని స్కూటర్ల వెనక గోడకి చేరేసి, పైన గోనెపట్టా కప్పాను.

"నాన్నకి మాత్రం చెప్పకండి. చెప్పారో, ఇవాళ మనం బయల్దేరినట్టే!" అంది పద్మ.

వాళ్ళ నాన్న, అంటే మా మామగారు, ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఎవరి కారెక్కినా ముందు "స్టెప్నీ ఉందాండీ?" అని అడగందే కూర్చోరు. ఆయన భుజానికో గుడ్డసంచి, అందులో జానెడు టేకు చెక్క. డెల్టా నల్లమట్టిలో జాకీ పెడితే దిగబడిపోతుందట, కింద ఆ చెక్క వెయ్యాలట. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ కూడా చెక్క మోసుకుంటూ వచ్చే ఆయన్ని చూసి నేనూ పద్మా చాటుగా ఎన్నిసార్లు నవ్వుకున్నామో లెక్కలేదు.

ఏడూ ఐదుకి గుణదలలో ఆయన్ని ఎక్కించుకున్నాం. సందు మలుపులో స్పీడ్ బ్రేకర్ దాటుతుంటే వెనక గుండిగ ఠంగుమంది. మామగారు ఒకసారి వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ ముందుకి తిరిగారు.

"స్టెప్నీ ఉందాండీ అల్లుడుగారూ?"

"ఉందండీ," అన్నాను.

పద్మ కిటికీలోంచి కొండమీద మేరీమాత గుడికేసి చూస్తూ ఉండిపోయింది. జీవితంలో అంత భక్తి ఆమెలో నేనెప్పుడూ చూడలేదు.

బందరు రోడ్డెక్కి కంకిపాడు దాటేసరికి సన్నగా తుంపర మొదలైంది. రోడ్డుకి రెండు వైపులా నాట్లు జోరుగా సాగుతున్నాయి. నిండుగా పారే కాలవలు, నీళ్ళలో వంగిన ఆడవాళ్ళు, గట్ల మీద కొంగలు. ఆ రోడ్డున వెళ్ళేవాళ్ళు శ్రావణంలోనే వెళ్ళాలంటాను నేను. ఎనిమిదింటికి ఉయ్యూరులో టిఫిన్‌కి ఆగాం. నెయ్యి ఇడ్లీ, అల్లం పచ్చడి బ్రహ్మాండంగా ఉన్నాయి. ముగ్గురం కడుపునిండా తిన్నా రెండొందల లోపే అయింది. నేను రెండో కాఫీ తాగుతుంటే మామగారు కారు చుట్టూ తిరిగి నాలుగు టైర్లనీ అరచేత్తో తడిమి వచ్చారు.

"ముందు ఎడమది కొంచెం అరిగిందండీ. రోడ్డు దిగి మార్జిను మట్టిలోకి పోకుండా నడపండి."

సరేనండీ అన్నాను. ఆయన చెప్పేవన్నీ సరేననడం నాకు అలవాటే, చెయ్యడమే అలవాటు లేదు.

పామర్రులో కుడికి తిరిగి, కూచిపూడి దాటాం. తొమ్మిదీ పది అయింది. ఎదురుగా నారు కట్టలతో ట్రాక్టరొస్తే దారిస్తూ మార్జిను దిగాను. తూము పక్కన విరిగిన సిమెంటు రాయి గడ్డిలో దాక్కుని ఉంది. డబ్‌మని చప్పుడు. దిగి చూస్తే ముందు ఎడమ టైరు పక్కభాగం జానెడు చీలిపోయి ఉంది. పంచరైతే అతుకు వెయ్యొచ్చు, ఇది అతుక్కి లొంగే గాయం కాదు.

మామగారు సంచిలోంచి చెక్క తీశారు. "భయం లేదండీ, పది నిమిషాల పని. డిక్కీ తియ్యండి."

పద్మ నాకేసి చూసింది, నేను పద్మకేసి చూశాను. చివరికి తీశాను. మ్యాటు కూడా నేనే ఎత్తాను. స్టెప్నీ ఉండాల్సిన గుంటలో ఇత్తడి గుండిగ ధగధగా మెరుస్తూ కూర్చునుంది.

మామగారు వంగి, వేలితో దాని అంచు మీద కొట్టి చూశారు.

"దీంట్లో గాలి ఎంతుందండీ?" అన్నారు.

తిట్టినా బావుండేది. అప్పుడే ఫోను మోగింది, భార్గవి.

"అన్నయ్యా, ఎక్కడున్నావు? మా అత్తగారు ఏమంటున్నారో తెలుసా? వేళకి రాకపోతే మేనమామ వరసైనవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు, ఎవరో ఒకరు కూర్చుంటార్లే అంటున్నారు. తొమ్మిదేళ్ళు ఎదురుచూశానన్నయ్యా. వాణ్ణి ఎవరో ఎందుకు కూర్చోబెట్టుకోవాలి?"

"వచ్చేస్తున్నానమ్మా, దగ్గర్లోనే ఉన్నా," అని పెట్టేశాను. ఆ రోజుకి అది రెండో అబద్ధం.

మోపిదేవి ఇంకా ఇరవై కిలోమీటర్లు. వచ్చిన రెండు ఆటోల్లో నాట్ల కూలీలు ఒకళ్ళ మీదొకళ్ళు కూర్చున్నారు. ఒక బస్సు ఫుట్‌బోర్డు దాకా నిండిపోయి, ఆగకుండానే పోయింది. పక్క పొలంలో నాట్లేస్తున్న ఒకావిడ నడుం నిటారు చేసి, "ఏవండోయ్, టైరు లేకుండా బిందెట్టుకుని బయల్దేరారా!" అంది. పొలమంతా గొల్లున నవ్వింది. నవ్వరూ మరి.

మామగారు మాత్రం ఆ నవ్వులేవీ పట్టించుకోలేదు. చెక్క మీద జాకీ పెట్టి బండి లేపారు, చక్రం ఊడదీశారు, దాన్ని తీసుకెళ్ళి రోడ్డంచున వెల్లకిలా పడుకోబెట్టారు.

"ఇదెందుకండీ?" అన్నాను.

"మా డ్రైవర్ల గుర్తండి. చక్రం నిలబెడితే పంచరు షాపు దాకా తీసుకెళ్ళమని. పడుకోబెడితే స్టెప్నీ కావాలని. బండి నడిపి బతికినోడైతే చూసి ఆగుతాడు."

ఈ రోజుల్లో ఎవరికి తెలుస్తుంది మీ గుర్తు అని నోటిదాకా వచ్చింది. ఇప్పుడు నోరెత్తే అర్హత నాకెక్కడిది! వరసగా కార్లు పోతూనే ఉన్నాయి. తొమ్మిదీ ఇరవై ఐదుకి ఒక తెల్లకారు మమ్మల్ని దాటి వెళ్ళింది, కొంచెం దూరంలో ఆగింది, వెనక్కి వచ్చింది. మా కారు కంపెనీయే, మా మోడలే. వెనక సీటు మడిచేసి, టాపు దాకా దుప్పట్ల మూటలే. ముందు సీట్లో ఒక పెద్దావిడ. దిగినాయన తెల్లగడ్డం నిమురుకుంటూ చక్రాన్ని చూశారు.

"పడుకోబెట్టారే! ఎవరండీ డ్రైవరుగారు?"

మామగారు చెయ్యెత్తారు. కారు దిగినాయన పేరు జిలానీ. విజయవాడ వన్‌టౌన్‌లో దుప్పట్లు, లుంగీల వ్యాపారం. అవనిగడ్డ బజార్లో కొట్లకి సరుకు వేయడానికి భార్యతో వెళ్తున్నారు. వయసులో ఉండగా పదేళ్ళు లారీ నడిపారట.

మా సంగతి విని, "మేనమామ లేకుండా ఎలాగండీ! మా ఇళ్ళల్లోనూ అంతేగా, మామూ రాందే పని మొదలవదు," అన్నారు. "కార్లో ఎక్కించుకుందామంటే పిల్లి పట్టే చోటు కూడా లేదు. స్టెప్నీ ఇస్తాను, అన్నిటికన్నా కిందుంది. ఓ చెయ్యి వెయ్యండి."

అన్నిటికన్నా కింద! అంటే ఆ మూటలన్నీ దింపాలి. పైన మబ్బు కమ్ముకొస్తోంది, అవి కొత్త దుప్పట్లు. వద్దులెండి అనాలని నాకనిపించింది, అనలేకపోయాను. అప్పటికే ఆయన భార్య దిగి, గడ్డి మీద టార్పాలిన్ పరిచేస్తోంది. ఒక్కో మూటా దింపాం. పద్మ ఒకవైపు, ఆవిడ మరోవైపు టార్పాలిన్ అంచులు మూటల మీదకి కప్పి పట్టుకున్నారు. తుంపర పెద్దదైంది. ఇద్దరూ నిలువునా తడుస్తున్నారు, మూటలు మాత్రం తడవలేదు.

"బాబు పేరేంటమ్మా?" అని ఆవిడ అడగడం వినిపించింది.

"తొమ్మిదేళ్ళకి పుట్టాడండీ, మొక్కు తీరాకే పేరు పెడతారట. చిన్నోడనే పిలుస్తున్నాం."

"మంచిది. ఆలస్యంగా వచ్చినోళ్ళకి అలాంటి పేర్లే ముద్దు."

ఇరవయ్యో మూటో ఇరవై రెండో మూటో దిగాక మ్యాటు, దాని కింద స్టెప్నీ కనిపించాయి. నిగనిగలాడుతోంది. పక్కన సుద్దముక్కతో తేదీ రాసుంది, సరిగ్గా ఆ నెలదే. గాలి చూసిన ప్రతిసారీ పాతది తుడిచి కొత్త తేదీ వేస్తారట. మామగారు ఆ అంకెల మీద వేలు పెట్టి, నాకేసి చూడకుండానే, "ఇదండీ స్టెప్నీ అంటే," అన్నారు.

చక్రం బిగించి, మూటలన్నీ మళ్ళీ సర్దేసరికి పది గంటలకి పన్నెండు నిమిషాలు తక్కువ. నేను స్టీరింగు ముందు కూర్చుని ఇంజను ఆన్ చేశాను. మామగారు నా భుజం మీద చెయ్యేశారు.

"ఆయన్ని ముందు పోనివ్వండి. స్టెప్నీ ఇచ్చిన బండిని దాటకూడదండీ. ఆయనకేమన్నా అయితే వెనక మనముండాలి."

అంత బరువేసుకున్న బండి వెనక నడుస్తుంటే నా ప్రాణం గిలగిల్లాడింది. గడియారం చూస్తున్నాను, ముందున్న కారు చూస్తున్నాను, మళ్ళీ గడియారం చూస్తున్నాను. జిలానీగారు మాత్రం లారీ నడిపిన చెయ్యి ఊరికే పోదన్నట్టు, హారను మోగిస్తూ ట్రాక్టర్లనీ గేదెల్నీ తప్పిస్తూ దారి చేసుకుంటూ పోయారు. చల్లపల్లి సెంటర్లో జనం పక్కకి తప్పుకున్నారు, ఏ పెళ్ళివారో అనుకుని ఉంటారు. పదీ పద్నాలుగుకి జిలానీగారు మోపిదేవి గుడి ముందు ఆగి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, "దిగండి, పరిగెత్తండి! సాయంత్రం దాకా అవనిగడ్డ బజార్లోనే ఉంటా, స్టెప్నీ తీరిగ్గా తేవచ్చు!" అని అరిచి వెళ్ళిపోయారు.

పరిగెత్తాను. బురద ప్యాంటుతోనే కాళ్ళు కడుక్కుని కూర్చున్నాను. పక్కన కొత్త పంచె కట్టుకుని సిద్ధంగా ఉన్న వరసకి మేనమామ ఒకాయన మర్యాదగా లేచి చోటిచ్చాడు. పిల్లాణ్ణి నా ఒళ్ళో పెట్టేటప్పుడు భార్గవి ఏడ్చేసింది, నేనూ ఏడ్చేశాను. వాడు మాత్రం నా ముక్కు పట్టుకుని లాగి నవ్వాడు. పది ఇరవైకి వాడి మెత్తటి జుట్టులో మొదటి కత్తెర వేశాను. తర్వాత గుండిగలో పొంగలి పొంగింది, అందరూ తిన్నాం. ఆ గుడికి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేదొక్కటే, టికెట్టు కౌంటరు దగ్గర క్యూ ఉంటుంది, గంట ముందే చేరండి.

మధ్యాహ్నం మూడింటికి అవనిగడ్డలో కొత్త టైరు వేయించి, జిలానీగారి స్టెప్నీ ఆయనకిచ్చేశాం. క్యారేజీ నిండా పొంగలి పెడితే ఆవిడ కళ్ళకద్దుకుని తీసుకుంది. టైరు షాపు బల్ల మీద టీ తాగుతూ మామగారితో చెప్పాను.

"పొద్దున మీకు అబద్ధం చెప్పానండీ."

"తెలుసండీ," అన్నారాయన. "స్పీడ్ బ్రేకరు దగ్గరే తెలిసింది. టైరు ఠంగుమనదు గదా."

"మరి అడగలేదేమండీ!"

"అల్లుడుగారు ఉందన్నాక డిక్కీ తీయించి చూడటం మర్యాద కాదు గదండీ." గ్లాసు కింద పెట్టారు. "నా మర్యాదకి పాపం ఆ చెల్లెలమ్మ ముహూర్తం పోయేది. మీది సగం తప్పు, నాది సగం."

ఆయనది సగమట! ఆ మాటకి నేనింకా చిన్నబోయాను. మోసినందుకు నేను నవ్విన చెక్క, నేను నమ్మని గుర్తు, రోడ్డున పోయే మనిషి మంచితనం, ఈ మూడూ లేకపోతే ఆ కత్తెర ఇంకెవరి చేతిలోనో ఉండేది.

తిరుగు ప్రయాణంలో స్టెప్నీ లేదు కాబట్టి నెమ్మదిగా వచ్చాం. తోవలో ఆగిన ప్రతి బండి చక్రం నిలబడుందా, పడుకునుందా అని నా కళ్ళు వెతుకుతూనే ఉన్నాయి. గుణదలలో మామగారు దిగలేదు. "పదండి, భవానీపురం పోదాం. ఇవాళ చూసే వెళ్తా," అన్నారు.

ఏడు కాకముందే సెల్లారులో ఉన్నాం. గుండిగ దింపాను. గోనెపట్టా తీసి, స్టెప్నీ దొర్లించుకొచ్చి ఆయన ముందు గర్వంగా నిలబెట్టాను. కొన్న నాటినుంచి, అంటే మూడేళ్ళుగా, ఒక్కసారి కూడా వాడనిది. మామగారు బొటనవేలు ఆనించి నొక్కారు. టైరు లోపలికి పోయింది. ఇంకోచోట నొక్కారు. అక్కడా పోయింది. దాంట్లో పిసరంత గాలి లేదు.

ఆయన నాకేసి చూశారు. నేను గుండిగకేసి చూశాను.

"పద్మా," అని పిలిచారు మామగారు. "ఒక సుద్దముక్క తేమ్మా. అల్లుడుగారూ, మీరు పదండి, బంకు మూసెయ్యకముందే గాలి కొట్టించుకొద్దాం."

స్టెప్నీని డిక్కీలోకి ఎత్తాను. తలుపు వెయ్యబోతుంటే ఆయన ఆపి, మ్యాటు ఎత్తించి మళ్ళీ ఒకసారి చూసుకుని, అప్పుడు కారెక్కారు.