ఉప్పు లేని బిళ్ళలు

అరవై ఎనిమిదో సంవత్సరం మాట. సముద్రపొడ్డున మా పేటలో పక్కింటి బుల్లమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని అరసవల్లి వీధులు తిరిగేది. సూర్యనారాయణస్వామి గుడి గోపురం కనిపించగానే గంప దించి, దండం పెట్టి, మళ్ళీ ఎత్తుకునేది.

అక్కడ ఉండే, రిటైరైన రైలు గార్డు జగన్నాధంగారి కుక్క పేరు రాజు. ఇంటావిడ పోయినప్పటి నుంచి అది అన్నం ముట్టడం లేదు. ఒకనాడు బుల్లమ్మ వాళ్ళ అరుగు మీద సద్ది విప్పింది. చోడిపిండి, అంటే రాగిపిండి, ఉడకబెట్టిన చేప, గుమ్మడికాయ కలిపిన ముద్ద. తను ఉప్పు అద్దుకోకముందే సగం రాజుకి పెట్టింది. అది తిని ఆమె చెయ్యి నాకింది. జగన్నాధంగారు అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు.

ఆ ముద్దే వ్యాపారమైంది. మరో ఆరిళ్ళవాళ్ళు తమ కుక్కలకీ కావాలన్నారు.

"కుక్కలకి వొంటమనిసివైపోనావేటే?" అని మొగుడు ఎల్లాజీ నవ్వేవాడు.

"అవును మావా. నీకన్నా అవే నయం, వొంకలెట్టకండా తింతాయి."

ఏడిళ్ళకి పచ్చిచేప చాలలేదు. ఇంట్లో ఉన్న ఎండుచేప దంచి, పిండిలో కలిపి, బిళ్ళలు చేసి ఇచ్చింది. మర్నాడు కుక్కలన్నీ నీళ్ళ దగ్గరే. రెండు కక్కుకున్నాయి. ఆరిళ్ళవాళ్ళూ ఆమెని చూసి తలుపులేసుకున్నారు. రాజు తల ఎత్తలేదు.

"ఏం కలిపావమ్మా?" అన్నారు జగన్నాధంగారు, మెల్లగానే.

"కొత్తగా యేటీ కలపనేదు బాబూ. పచ్చిసేప సాలక ఎండుసేపేసినాను, అంతే. ఉప్పు రవ్వైనా ఎయ్యనేదు."

"మరి ఎండుచేపలో?"

బుల్లమ్మ నోటి మీద చెయ్యేసుకుంది. పుట్టినప్పటి నుంచీ ఉప్పుచేప తిన్న నాలుక. అందులో ఉప్పుందనే తోచలేదు.

"ఇంకొక్కసారి సేసి తెత్తాను బాబూ. రాజు ముట్టకపోతే ఈ వీదిలోకి ఇంక రాను."

ఆయన లోపలికెళ్ళారు. మజ్జిగ తెచ్చి, ఎత్తి పొయ్యకుండా చెంబే ఆమె చేతికిచ్చారు.

ఉప్పు లేకుండా ఎండబెట్టే చేప మబ్బు పడితే కుళ్ళిపోతుంది. బుల్లమ్మ పచ్చిచేపల్ని మంచినీళ్ళతో కడిగి, ఇసకలో పాత వల పరిచి ఆరబోసింది. "నాయనా సూర్నారాయుడా, నోరులేని జీవాలకి. రెండ్రోజులు కన్ను మూయకు" అంది. ఎల్లాజీ ఈసారి నవ్వలేదు. చేపల వేట మానుకుని కాకుల్ని తోలుతూ కూర్చున్నాడు. రెండు పగళ్ళూ ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. వల మీద చేపలు వెండిలా మెరుస్తూ, మెరుస్తూ, గాలికి గలగలమన్నాయి. ఆ ఎండలో పేటంతా నిద్రలో నవ్వుతున్నట్టుంది.

కొత్త బిళ్ళని రాజు వాసన చూసి ఊరుకుంది. బుల్లమ్మ దాన్ని నీళ్ళలో నానబెట్టి, ఆనాటిలాగే ముద్ద చేసి, అరచేతిలో పట్టుకుంది. చాలాసేపు అలాగే కూర్చుంది. అప్పుడు తిన్నది రాజు.

జగన్నాధంగారు చెప్పులేసుకున్నారు. "పద, మిగతా ఇళ్ళకి."

ముందు గంప, వెనక రాజు, ఆ వెనక ఆయన. మొదటి ఇంటావిడ తలుపు సగమే తీసింది. తోకాడిస్తూ నిలబడ్డ రాజుని చూసి, మొత్తం తీసింది.