కాటుక కింద తెల్ల కనుబొమలు

ఆదర్శ్ పుట్టుకతోనే వెండి జుట్టు పిల్లాడు. అది వాడి తప్పు కాదు, వాడి తల్లి ప్రశాంతి తప్పు అంతకన్నా కాదు. అయినా కోల్‌కతా అవతల మా రైల్వే పేట మలంచాలో, తెలుగువాళ్ల వీధి వీధంతా ఆమెనే ఆడిపోసుకుంది. గ్రహణం నాడు బయట తిరిగిందట! ఎవరు చూశారో మరి.

ప్రశాంతి భర్త మోహనకృష్ణ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, ఆమెకు సొంత మేనత్త అయిన జోగమ్మ కొడుకు. "మా ఇంటా వంటా ఇలాటోళ్లు నేరు. ఇది నీ పుట్టింటోళ్ల పాపం," అని జోగమ్మ దెప్పేది. అది తన పుట్టిల్లు కూడానన్న సంగతి ఆవిడకు గుర్తే రాదు.

నలుగురి నోళ్లు మూయించడానికి ఆవిడే ఉపాయం కనిపెట్టింది. మొక్కు పేరు చెప్పి పిల్లాడికి గుండు, మొలిస్తే మళ్లీ గుండు, తెల్లటి కనుబొమలకు రోజూ కాటుక. ప్రశాంతి వద్దంటే ఎవరూ వినలేదు.

ఏడాది దాటాక పిల్లాడికి జ్వరం పట్టుకుంది. తగ్గేది, మళ్లీ వచ్చేది. పొట్ట ఉబ్బింది. డాక్టర్లు మలేరియా అన్నారు, టైఫాయిడ్ అన్నారు. చూడాల్సిన గుర్తును ఇంట్లోనే చెరిపేస్తుంటే వాళ్లకేం తెలుస్తుంది? తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

చివరికి పిల్లాణ్ణి కోల్‌కతా ఆసుపత్రికి తీసుకెళ్తే, ఆ ముగ్గురికీ పక్కింటి మనిషిగా నేనూ తోడు వెళ్లాను. పుట్టినప్పటి నుంచీ ఏమైనా తేడా ఉందా అని డాక్టరమ్మ అడిగింది. "ఏటీ నేదు," అంది జోగమ్మ. ప్రశాంతి కొంగు తడిపి పిల్లాడి కనుబొమలు గట్టిగా తుడిచేసింది.

"దీదీ, ఇది సూడండి. మా అత్త దాసింది."

డాక్టరమ్మ ఆ తెల్ల కనుబొమ వెంట్రుకొకటి తీసి మైక్రోస్కోపులో చూసింది, రక్తం జన్యు పరీక్షకు పంపింది. ఫలితం వచ్చాక మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. రాబ్27ఏ అనే జన్యువు నుంచి తయారయ్యే ప్రోటీన్, కణంలోని చిన్న సంచులను అంచు దాకా చేర్చాలి. జుట్టుకు రంగునిచ్చే కణాల్లో ఆ సంచుల నిండా రంగు, రోగంతో పోరాడే కణాల్లో శత్రువును చంపే మందు. ఆదర్శ్‌కు ఆ ప్రోటీన్ పనిచేయదు. యార్డులో కదలని లోడు వ్యాగన్లలా రెండూ లోపలే ఆగిపోయాయి. చెడిన జన్యువులు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చాయి. ఆ ఇద్దరికీ తాత ఒక్కరే, జోగమ్మ కన్నతండ్రి.

సరిపోయే దాత ఎముక మూలుగ ఎక్కిస్తే పిల్లాడు బతకవచ్చు, ఆలస్యం మాత్రం చేయొద్దంది.

జోగమ్మ కొడుకును మోచేత్తో పొడిచింది. "అది ఎక్కిత్తే జుట్టు నల్లబడతాదేటో అడగరా."

మోహనకృష్ణ అడిగాడు కూడా! డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది.

"మరేటి లాభం?" అంది జోగమ్మ.

ప్రశాంతి పిల్లాణ్ణి ఎత్తుకుని లేచి నిలబడింది.

"ఆడు బతుకుతాడత్తా!"